డాన్సర్ల ఆత్మగౌరవం మీద పరిశోధన చేస్తున్నారా? చెప్పినవాళ్లకు నష్టం రాకుండా ఎలా చేయాలి

ప్రొఫెషనల్ డాన్సర్ల ఆత్మగౌరవం మీద డిజర్టేషనో, పీహెచ్‌డీయో మొదలుపెట్టేవాళ్లు ముందుగా అడిగేది ఏ స్కేలు వాడాలి అని. రోజెన్‌బర్గ్ స్కేలు (ఆత్మగౌరవాన్ని కొలిచే ప్రశ్నల పట్టిక) సులువుగా దొరుకుతుంది. పది వాక్యాలే, పది నిమిషాలు కూడా పట్టదు. వంద ఫారాలు నింపించి గణాంకాల సాఫ్ట్‌వేర్ ఎస్‌పీఎస్‌ఎస్‌లో వేస్తే పట్టికలు వచ్చేస్తాయి. చిక్కు అక్కడ లేదు. "నేను ఎందుకూ పనికిరానని అప్పుడప్పుడు అనిపిస్తుంది" అన్న వాక్యం పక్కన ఒక అమ్మాయి టిక్కు పెట్టిన కాగితం, రేపు ఆమెకు పని ఇవ్వాల్సిన మనిషి కంట పడితే ఏమవుతుందన్నదే చిక్కు.

డాన్సులో పని నోటిమాట మీద నడుస్తుంది. "ఆ అమ్మాయికి ఈ మధ్య మూడ్ బాగుండటం లేదట" అన్న ఒక్క మాట చాలు, తర్వాతి పాటకు ఫోన్ రాకుండా పోవడానికి. కాబట్టి ఈ పరిశోధనలో ఎథిక్స్ అంటే సంతకాలు పెట్టించుకోవడం కాదు. మీకు చెప్పిన మాట పని ఇచ్చేవాళ్ల దాకా పోకుండా చూడటం, పోదని డాన్సర్‌కు నమ్మకం కలిగేలా నడుచుకోవడం. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క పని కోసమే.

1. రేపటి పని ఎవరి చేతిలో ఉందో రాసుకోండి

డాన్సర్లందరినీ ఒకే గాటన కట్టకండి. హైదరాబాద్‌లో కృష్ణానగర్, యూసుఫ్‌గూడ చుట్టుపక్కల ఉండే సినిమా గ్రూప్ డాన్సర్‌కు పని ఇచ్చేది డాన్స్ మాస్టరు, ఆయన అసిస్టెంట్లు. మధ్యలో యూనియన్ కార్డు ఉంటుంది. కూచిపూడినే వృత్తిగా పెట్టుకున్న నర్తకికి గురువుగారు, సభల నిర్వాహకులు, ఆమె దగ్గరికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు. కోనసీమలో సంక్రాంతికో తీర్థానికో రికార్డింగ్ డాన్సుకు వెళ్లే అమ్మాయికి ట్రూపు నడిపే మనిషి, పిలిచిన ఊరి పెద్దలు, పైన అశ్లీలం పేరుతో కేసు పెడతారేమోనని పోలీసుల భయం.

ఒక కాగితం తీసుకుని, మీరు ఎంచుకున్న డాన్సర్‌కు ఎవరెవరు పని ఇస్తారో, ఎవరెవరు ఆ పని పోగొట్టగలరో వరసగా రాయండి. ఇకముందు ప్రతి మెట్టులోనూ ఈ జాబితాను చూసుకోవాలి. ఫారం ఎక్కడ నింపించాలి, ఫోన్ ఎప్పుడు చేయాలి, థీసిస్‌లో ఏ వివరం తీసేయాలి, అన్నిటికీ సమాధానం అందులోనే దొరుకుతుంది.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. "డాన్సర్లలో ఆత్మగౌరవం తక్కువగా ఉంటుంది" అని హైపోథెసిస్ రాసేసుకున్నారా? ఎందుకు రాశారు? రికార్డింగ్ డాన్స్ అమ్మాయిలను జాలి కథల కోసం, శాస్త్రీయ నర్తకులను గర్వపడే కథల కోసం వాడుకునే ప్రపోజళ్లు చూస్తే నాకు చిరాకు. లోకం ముందే వేసిన ముద్రను పట్టికలతో మళ్లీ వేయడానికి పరిశోధన అక్కర్లేదు.

2. ఎథిక్స్ కమిటీకి ముందే పంపండి

కమిటీ అంటే మందుల ట్రయల్స్ చేసేవాళ్లకేనని కొందరు గైడ్లు కూడా అనుకుంటారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో తెచ్చిన జాతీయ మార్గదర్శకాల్లో ఆరోగ్యానికి సంబంధించిన సామాజిక, ప్రవర్తనా పరిశోధనలకు విడిగా ఒక అధ్యాయమే ఉంది. ఆ మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది ఉంటారు. అధ్యక్షులు బయటి సంస్థకు చెందినవాళ్లు. ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాజిక శాస్త్రవేత్త, ఏ శాస్త్రంతోనూ సంబంధం లేని ఒక మామూలు మనిషి కూడా ఉండాలి. మీ కాలేజీలో కమిటీ లేకపోతే వేరే సంస్థ కమిటీతో ఒప్పందం చేసుకుని పంపొచ్చు.

డేటా తీసుకున్నాక అనుమతి అడిగితే ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అప్లికేషన్‌తో పాటు తెలుగు సమ్మతి పత్రం, ప్రశ్నలు, డాన్సర్లకు మీరు పంపబోయే వాట్సాప్ మెసేజ్, ఎవరైనా బాధపడితే ఏం చేస్తారన్న ప్లాను జత చేయండి. కమిటీలో ఉన్న లాయరు మీకు ఉచితంగా దొరికిన సలహాదారు. ఆయన్ని చూసి భయపడకుండా, తర్వాత చెప్పబోయే పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) చిక్కు గురించి ఆయన్నే అడగండి.

3. మాస్టర్‌గారి అనుమతి వేరు, డాన్సర్ సమ్మతి వేరు

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మీరు రిహార్సల్ హాలుకు వెళ్తారు. మాస్టర్ మంచివారే. "ఓ, రీసెర్చా? మా పిల్లలంతా చేస్తారు, ఇచ్చేయండి" అంటారు. ఆయన చప్పట్లు కొడితే మ్యూజిక్ ఆగుతుంది, అందరూ చెమటలు తుడుచుకుంటూ వరసగా కూర్చుంటారు. పెన్నులు చాలక ఒకరి తర్వాత ఒకరు నింపుతారు. మాస్టర్ వెనకాల నడుస్తూ నవ్వుతూ ఒకటి రెండు కాగితాల్లోకి తొంగి చూస్తారు. అరగంటలో మీకు నలభై ఫారాలు. అందరూ సంతకం పెట్టారు, ఒక్కరూ కాదనలేదు. ఆ నలభై సంతకాల్లో ఒక్కటీ సమ్మతి కింద లెక్క కాదు. కాదనే వీలు ఎవరికీ ఇవ్వలేదు మరి.

కూచిపూడి క్లాసులో పరిస్థితి ఇంకా మెత్తగా ఉంటుంది, అందుకే ఇంకా గట్టిగా ఉంటుంది. అక్కడ ఎవరూ బలవంతం చేయరు. గురువుగారు ఒకసారి "ఈ అమ్మాయికి కాస్త సాయం చేయండమ్మా" అంటే చాలు. గురువు మాట కాదనడం ఆ బడిలో ఎవరూ నేర్చుకోరు.

కాబట్టి ఇలా చేయండి. మాస్టర్‌ను, గురువును, యూనియన్‌ను అడగాల్సింది "మీ వాళ్లతో ఐదు నిమిషాలు మాట్లాడొచ్చా" అని మాత్రమే. ఆ ఐదు నిమిషాల్లో పని గురించి చెప్పి, మీ నంబరున్న చీటీ అందరికీ ఇచ్చి వచ్చేయండి. ఇష్టమున్నవాళ్లు తర్వాత వాళ్లంతట వాళ్లే ఫోన్ చేస్తారు. తక్కువమందే చేస్తారు. శాంపిల్ చిన్నదైనా, ఇష్టంతో చెప్పిన మాటలే పనికొస్తాయి. ఎవరు చేశారో, ఎవరు చేయలేదో మాస్టర్ అడిగినా చెప్పకండి. అడుగుతారు, ఉత్త కుతూహలంతోనే అడుగుతారు. "సార్, చెప్పనని కమిటీకి రాసిచ్చాను" అనండి. కమిటీ మీద తోసేయడం ఇలాంటప్పుడు బాగా పనికొస్తుంది.

తప్పనిసరిగా హాల్లోనే ఫారాలు ఇవ్వాల్సి వస్తే, అందరికీ ఒకే రకం కవరు ఇవ్వండి. నింపినా నింపకపోయినా కవరు అంటించి పెట్టెలో వేయమనండి. ఖాళీ కాగితం వేసినవాళ్లెవరో మీక్కూడా తెలియకూడదు. ఆ కాసేపు మాస్టర్‌ను టీకి తీసుకెళ్లే బాధ్యత మీ స్నేహితుడికి అప్పగించండి.

గూగుల్ ఫారం లింకు వాట్సాప్ గ్రూపులో పడేస్తే ఈ గొడవ ఉండదనుకుంటారు. ఆ గ్రూపు అడ్మిన్ ఎవరు? చాలాసార్లు అసిస్టెంట్ మాస్టరే. లింకు కింద "డన్ మేడం" అని మెసేజ్‌లు వరసగా పడుతుంటే చేయనివాళ్లు ఎవరో అందరికీ తెలిసిపోతుంది. గ్రూపులో మీ నంబరు మాత్రం పెట్టండి, అడిగినవాళ్లకు లింకు విడిగా పంపండి. ఫారంలో ఈమెయిల్ తీసుకునే సెట్టింగ్ ఆపేశారో లేదో చూసుకోండి.

"రిపోర్టు మాకూ ఒకటి ఇస్తారా?" అని గురువుగారో మాస్టర్‌గారో అడిగితే, అందరి సమాధానాలూ కలిపిన ఒక పేజీ మాత్రం ఇస్తానని ముందే చెప్పండి. పది మంది ఉన్న ట్రూపుకు ఆ పేజీ కూడా విడిగా ఇవ్వకండి. పది మందిలో ముగ్గురికి స్కోరు తక్కువ వచ్చిందంటే, ఆ ముగ్గురు ఎవరా అని సాయంత్రానికల్లా లెక్క మొదలవుతుంది.

4. సమ్మతి పత్రం మాట్లాడే తెలుగులో రాయండి

"ఈ అధ్యయనం యొక్క లక్ష్యములు" అని మొదలుపెడితే ఎవరూ చదవరు, సంతకం మాత్రం పెడతారు. పెద్ద అక్షరాల్లో "ఆత్మగౌరవ పరిశోధన" అని శీర్షిక కూడా వద్దు. సిగ్గులేని పని అని ఇంటా బయటా మాటలు పడ్డ డాన్సర్‌కు అది "నీకు ఆత్మగౌరవం ఉందా?" అని అడిగినట్టు వినిపిస్తుంది. అలాగని ఫిట్‌నెస్ మీద సర్వే అని అబద్ధమూ చెప్పకండి. ఇలా రాయొచ్చు:

"నా పేరు ఫలానా. ఫలానా యూనివర్సిటీలో చదువుతున్నాను. డాన్సు వృత్తిలో ఉన్నవాళ్లు తమ గురించి తాము ఏమనుకుంటారో, తమకు తాము ఎంత విలువ ఇచ్చుకుంటారో తెలుసుకోవాలని ఈ ప్రశ్నలు అడుగుతున్నాను. నలభై నిమిషాలు పట్టొచ్చు. చేయడం, మానడం మీ ఇష్టం. మీరు చేశారని గానీ, మానేశారని గానీ మీ మాస్టర్‌కు, గురువుగారికి, యూనియన్‌కు, ఇంట్లోవాళ్లకు చెప్పను. నచ్చని ప్రశ్న వదిలేయొచ్చు. మధ్యలో లేచి వెళ్లిపోవచ్చు. అయిపోయాక కూడా ఫలానా తేదీలోపు ఫోన్ చేస్తే మీ సమాధానాలు తీసేస్తాను. ఆ తేదీ దాటాక అందరివీ కలిసిపోతాయి కాబట్టి తీయలేను. ఒక్క విషయం మాత్రం దాచలేను. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగినట్టు గానీ, జరగబోతున్నట్టు గానీ తెలిస్తే చట్టప్రకారం పోలీసులకు చెప్పాలి."

చదివి వినిపించండి. సినిమా గ్రూపుల్లో చెన్నై, ముంబై నుంచి వచ్చినవాళ్లు కూడా ఉంటారు కాబట్టి తమిళం, హిందీ ప్రతులు దగ్గర పెట్టుకోండి. పేరు రాసి సంతకం పెట్టాలంటే భయపడేవాళ్లకు, ముఖ్యంగా రికార్డింగ్ డాన్స్ ట్రూపుల్లో ఉన్నవాళ్లకు, నోటిమాటగా సమ్మతి తీసుకునే అనుమతి కమిటీని ముందే అడిగి పెట్టుకోండి. ఆ సంతకం ఒక్కటే ఆమె పేరును మీ పరిశోధనకు కట్టేసే ఆధారం కావచ్చు.

డబ్బు సంగతి. రోజుకూలీ మీద బతికే మనిషి టైమ్‌ను ఊరికే తీసుకోవడం తప్పు. "రెండు రోజుల సంపాదన వస్తుంది" అని ఆశ చూపించి నోరు విప్పించడమూ తప్పే. దారి ఖర్చు, పోయిన టైమ్‌కు తగ్గ మొత్తం కమిటీకి చెప్పి ఖాయం చేసుకోండి. మాటలు మొదలుపెట్టకముందే చేతికివ్వండి, మధ్యలో మానేసినా వెనక్కి అడగకండి. షూటింగు ఉన్న రోజు ఇంటర్వ్యూ పెట్టకండి.

సమయం కూడా చూసుకోవాలి. 2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికులు 30 శాతం వేతనాల పెంపు అడుగుతూ షూటింగులు ఆపారు. అలాంటి రోజుల్లో ఫైలు పట్టుకుని కృష్ణానగర్ వెళితే "ఈమె ఎవరి మనిషి?" అనే చూస్తారు. పని లేక, టెన్షన్‌లో ఉన్న మనిషి ఇచ్చే స్కోరు మామూలు రోజుల స్కోరు కూడా కాదు.

5. ప్రశ్నలను ఒక్కొక్కటిగా వడకట్టండి

రోజెన్‌బర్గ్ స్కేలు 1965 నాటిది. న్యూయార్క్ రాష్ట్రంలోని హైస్కూలు పిల్లల మీద చేసిన సర్వే నుంచి వచ్చింది. ఐదు వాక్యాలు మెచ్చుకునేవి, ఐదు తక్కువ చేసుకునేవి, ఒక్కోదానికీ నాలుగు జవాబులు. మన దగ్గర వాడొచ్చు, కానీ తక్కువ స్కోరు కనబడగానే "ఆత్మగౌరవం లోపించింది" అని రాసేయకండి. రంగపూజ చేసి, గురువు పాదాలకు దండం పెట్టి గజ్జె కట్టే నర్తకి "నాలో చాలా మంచి లక్షణాలున్నాయి" అన్నదానికి "పూర్తిగా ఒప్పుకుంటాను" అని టిక్కు పెట్టడానికి వెనకాడుతుంది. అలా అనడం పొగరని చిన్నప్పటి నుంచి విన్నది. వినయాన్ని జబ్బుగా రాస్తే అది ఆమెకు చేసిన అపకారమే. స్కేలుతో పాటు రెండు మూడు ప్రశ్నలు మాటల్లో అడగండి. ఏ ప్రదర్శన అయ్యాక మీకు మీరే నచ్చారు? ఎవరి మెప్పు నిజమైన మెప్పు అనిపిస్తుంది? వాటి జవాబులు విన్నాక స్కోరు అర్థం మారిపోవచ్చు.

శరీరం గురించి అడిగేటప్పుడు నెమ్మదిగా వెళ్లండి. సినిమా పాటలో ఎవరు ముందు వరస, ఎవరు వెనక వరస అన్నది డాన్సుతో పాటు ఎత్తు, రంగు, బరువు చూసి కూడా పెడతారు. "మిమ్మల్ని ఏ వరసలో పెడతారు?" అని మీరు మామూలుగా అడిగిన ప్రశ్న ఆమె రోజూ మింగే అవమానం కావచ్చు. బరువు తూచడం, నడుము కొలవడం పరిశోధనకు నిజంగా అవసరమైతే తప్ప వద్దు. అవసరమైనా అందరి ముందు వద్దు.

తిండి అలవాట్ల మీద ఈట్-26, డిప్రెషన్ మీద పీహెచ్‌క్యూ-9 లాంటివి కూడా కలిపేస్తే బాగుంటుందని గైడ్ అంటారు. ఆగండి. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. ఆ ప్రశ్న అడిగితే జవాబు అదే రోజు, ఆమె ఎదురుగా ఉండగానే చూడాలి. నెల తర్వాత ఎక్సెల్‌లో ఎక్కిస్తూ "అయ్యో, ఈమె మూడు (దాదాపు రోజూ) అని పెట్టిందే" అనుకుంటే ఏం లాభం? పేరు లేని ఆన్‌లైన్ ఫారంలో అయితే ఆమె ఎవరో కూడా తెలియదు. వెంటనే స్పందించే ఏర్పాటు లేకపోతే ఆ స్కేలు వదిలేయండి.

మీ పట్టికల్లో వాడని వివరం అడగకండి. పెళ్లయిందా, ఎక్కడ ఉంటారు, ఎవరితో ఉంటారు, కులమేంటి అన్నవి అలవాటు కొద్దీ మొదటి పేజీలో పెట్టేస్తాం. డాన్సులో కులం అడగడం మామూలు ప్రశ్న కాదు. 1947 మద్రాసు చట్టం, 1988 ఆంధ్రప్రదేశ్ చట్టం దేవదాసీలుగా అంకితమివ్వడాన్ని నిషేధించాయి. ఆ మధ్యకాలంలో నాట్యం చేతులు మారి పెద్దింటి పిల్లల చదువైంది. తరతరాలుగా నాట్యమే వృత్తిగా బతికిన కళావంతుల ఇళ్లకు మాత్రం మచ్చ మిగిలింది. "మీ అమ్మమ్మగారు కూడా నాట్యం చేసేవారా?" అన్న ప్రశ్నకు ఒకరు మురిసిపోయి ఫోటో తెచ్చి చూపిస్తారు, ఇంకొకరి మొహం మూసుకుపోతుంది. వాళ్లే ఎత్తితే వినండి, మీరు తవ్వకండి.

మగవాళ్ల దగ్గరా అంతే. సత్యభామ అంటే, ఆ వేషం కట్టిన కూచిపూడి కళాకారుడు వేదాంతం సత్యనారాయణ శర్మ గుర్తొచ్చే సంప్రదాయం మనది. అదే స్త్రీ వేషం కట్టే నేటి కుర్రాడికి మెప్పు ఎంత దొరుకుతుందో వెక్కిరింపూ అంత దొరకొచ్చు. అతని వ్యక్తిగత ఇష్టాల గురించి మీ కుతూహలం కొద్దీ అడిగే హక్కు మీకు లేదు.

చివరి ప్రశ్న బరువైనది కాకుండా చూసుకోండి. "నేను పనికిరాను" దగ్గర ఆపేసి థాంక్స్ చెప్పి పంపకండి.

6. పిల్లల్ని తీసుకోవాలా?

ఎమ్మే స్థాయి ప్రాజెక్టుకు వద్దు. పద్దెనిమిది నిండినవాళ్లతోనే చేయండి. టీవీ డాన్స్ షోలలో పిల్లల మీదే మీ పరిశోధన అయితే తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుదల కూడా కావాలి. ఐసీఎంఆర్ ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల వాళ్లది నోటిమాటగా, 12 దాటి 18 లోపు వాళ్లది రాతపూర్వకంగా తీసుకోవాలి. గురువు సమ్మతి తల్లిదండ్రుల సమ్మతి కాదు. ఇక్కడ పని ఇచ్చేవాళ్ల జాబితాలో ఒక్కోసారి తల్లిదండ్రులే ఉంటారు. పాప గెలుపు మీద ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నప్పుడు, ఆమె "నాకు చేయాలని లేదు" అన్న మాట అమ్మ చెవిన పడకుండా చూడాల్సింది మీరే.

7. ఏదైనా బయటపడితే

ఆత్మగౌరవం గురించి అడుగుతుంటే వేధింపుల సంగతి వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అప్పటికప్పుడు ఆలోచిద్దాంలే అనుకోకండి.

ఆమె ఏడిస్తే రికార్డింగ్ ఆపండి. నీళ్లివ్వండి, ఊరుకోండి. కొనసాగించాలా వద్దా అన్నది ఆమే చెప్పాలి. మీరు కౌన్సెలర్ కాదు, అవతారం ఎత్తకండి. ముందే మాట్లాడి పెట్టుకున్న కౌన్సెలర్ నంబరు, ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరు ఒక చిన్న చీటీ మీద ఇవ్వండి. 2022లో మొదలైన ఆ సేవలో తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బు తీసుకోరు. ఆ చీటీ ఏడ్చినవాళ్లకే కాకుండా అందరికీ ఇవ్వండి. లేకపోతే చీటీ చేతిలో ఉన్నవాళ్లెవరో మిగతావాళ్లు చూస్తారు.

ఆమె పద్దెనిమిది దాటిన మనిషి అయితే ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం ప్రతి జిల్లాలో లోకల్ కమిటీ ఉండాలని, పది మందిలోపు పనిచేసే చోట అంతర్గత కమిటీ లేకపోయినా అక్కడికి వెళ్లొచ్చని చెప్పండి. చెప్పి ఊరుకోండి. ఆమె తరఫున మీరు యూనియన్‌కు ఫోన్ చేస్తే, మొదటి మెట్టులో మీరు రాసుకున్న జాబితాలోని మనిషికి మీరే చెప్పినట్టు.

పిల్లల విషయంలో మాత్రం మీకు ఎంపిక లేదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. ఇప్పుడు ఇరవై నాలుగేళ్లున్న డాన్సర్, తనకు పదిహేనో ఏట జరిగింది చెబితే ఏం చేయాలన్నది మీ కమిటీ లాయరుతో ముందే మాట్లాడి రాసిపెట్టుకోండి. ఆ సంగతి డాన్సర్‌కు ఇంటర్వ్యూకు ముందే తెలియాలి, చెప్పేశాక కాదు.

ఇక "మీరు చెప్పింది ఎవరికీ తెలియదు" అన్న మాట. దాన్ని అంత తేలిగ్గా అనకండి. మలయాళ సినిమా రంగంలో ఆడవాళ్ల పరిస్థితి తెలుసుకోవడానికి కేరళ ప్రభుత్వం 2017లో జస్టిస్ హేమ కమిటీని వేసింది. తెనాలిలో పుట్టిన నటి శారద అందులో సభ్యురాలు. పేరు బయటికి రాదన్న నమ్మకంతోనే చాలామంది నోరు విప్పారు. 2019 చివర్లో ఇచ్చిన రిపోర్టు ఏళ్ల తరబడి బయటికి రాలేదు. 2024 ఆగస్టులో కొన్ని భాగాలు తీసేసి విడుదల చేశారు. ఆ వెంటనే కేరళ హైకోర్టు పూర్తి రిపోర్టును ప్రత్యేక దర్యాప్తు బృందానికి ఇమ్మంది. ఎప్పుడో నమ్మి చెప్పిన మాటల మీద పోలీసులు కేసులు కట్టడం మొదలైంది. కేసు వద్దన్న సాక్షులూ ఉన్నారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సాక్షులు ముందుకు రాక 2025లో ఆ కేసులు చాలావరకు మూతపడ్డాయి. నేరాలపై దర్యాప్తు జరగాలా వద్దా అన్నది వేరే చర్చ. మనం చూడాల్సింది, అంత పెద్ద కమిటీ ముందు చెప్పిన మాటే చెప్పినవాళ్ల చెయ్యి దాటిపోయిందన్నది.

పరిశోధకులకు లాయర్లకున్నట్టు రహస్యం కాపాడుకునే రక్షణ మన చట్టంలో లేదు. కోర్టు అడిగితే రికార్డింగ్ ఇవ్వాల్సిందే. కాబట్టి ఇంటర్వ్యూ మొదట్లోనే "ఎవరి పేర్లూ చెప్పొద్దు, ఒక మాస్టర్, ఒక ప్రొడ్యూసర్ అనండి చాలు" అని అడగండి. నోరుజారి పేరు వస్తే టైపు చేసేటప్పుడు తీసేసి, ఆడియోను కమిటీకి రాసిచ్చిన గడువులోపు చెరిపేయండి. మీ మాట ఇలా ఉండాలి: "నా అంతట నేను ఎవరికీ చెప్పను. చట్టం అడిగితే మాత్రం నా చేతిలో ఉండదు."

8. కలిసే చోటు, ఫోను, ఫైళ్లు

ఎక్కడ కలవాలో ఆమెనే అడగండి. కృష్ణానగర్‌లో టీ కొట్టు అంటే నలుగురి ముందు కూర్చున్నట్టే. ఇంట్లో అయితే అత్తగారు పక్క గదిలో ఉంటారు. మీ యూనివర్సిటీలో ఒక గది ఖాళీ చేయించుకోవడం మేలు. ఫోన్ చేయాలా మెసేజ్ పెట్టాలా, ఏ టైమ్‌కు, ఇంకెవరైనా ఎత్తితే ఏమని చెప్పాలి అన్నవి మొదటిరోజే కనుక్కోండి. రాత్రి ఇంటర్వ్యూకు వెళ్తుంటే మీరెక్కడున్నారో ఒక స్నేహితురాలికి చెప్పి వెళ్లండి. ఎవరిని కలుస్తున్నారో మాత్రం చెప్పకండి.

ఆడియో మీ ఫోన్లో ఉంటే అది తనంతట తాను క్లౌడ్‌లోకి ఎక్కుతోందేమో చూసుకోండి. ఇంటర్వ్యూలను టైపు చేయించడానికి డీటీపీ సెంటర్‌కు ఇచ్చే అలవాటు మనకుంది. పక్కన పదిమంది ప్రాజెక్టు రిపోర్టుల కోసం కూర్చుని ఉండగా, స్పీకర్‌లో ఒక డాన్సర్ తన గోడు చెబుతుంటుంది. అది వద్దు. మీరే టైపు చేయండి, లేదా గోప్యత ఒప్పందం మీద సంతకం చేసిన మనిషితో ఇయర్‌ఫోన్లు పెట్టించి చేయించండి. పేర్లు, కోడ్ నంబర్లు ఉన్న కాగితాన్ని డేటాతో కలిపి ఉంచకండి.

9. రాసేటప్పుడు

పేరు మారిస్తే మనిషి దాగినట్టు కాదు. కూచిపూడిలో వేదాంతం, వెంపటి, పసుమర్తి, చింతా, భాగవతుల అన్న ఇంటిపేర్లలో ఏది ఉంచినా సగం చిరునామా చెప్పినట్టే. "కృష్ణా జిల్లాకు చెందిన, యాభై దాటిన, స్త్రీ వేషాలు వేసే కళాకారుడు" అని రాస్తే ఆ రంగంలో ఉన్నవాళ్లు పేరు చెప్పేస్తారు. జిల్లా తీసేయండి, వయసును పదేళ్ల పరిధిగా రాయండి, వేషం గురించి వేరేచోట ప్రస్తావించండి. ఒకే మనిషి మాటలను ఇద్దరి పేర్ల కింద విడదీయడం కూడా ఒక పద్ధతి. అలా చేశానని మెథడాలజీలో రాస్తే సరిపోతుంది.

థీసిస్‌ను గైడ్, ఎగ్జామినర్ తప్ప ఎవరు చదువుతారులే అనుకోకండి. పీహెచ్‌డీ అయితే థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలోకి వెళుతుంది, ఇంటర్నెట్ ఉన్న ఎవరైనా తెరవొచ్చు. అనుబంధంలో నింపిన సమ్మతి పత్రాన్ని సంతకంతో సహా స్కాన్ చేసి పెట్టకండి, ఖాళీ ప్రతి పెట్టండి. రిహార్సల్ ఫోటోలో మొహాలు మసక చేసినా, వెనక గోడ మీద ట్రూపు పేరు కనిపిస్తుంటే ఏం దాచినట్టు? "అమ్మ చనిపోయిన పదకొండో రోజే స్టేజీ ఎక్కాను" లాంటి మాట అచ్చువేస్తే, ఆ ప్రదర్శన చూసినవాళ్లకు ఆమె ఎవరో తెలుస్తుంది. అలాంటి వాక్యాలను ముందు ఆమెకు చదివి వినిపించి, ఉంచమంటేనే ఉంచండి.

మీరూ అదే గురువు శిష్యులైతే, అదే మాస్టర్ దగ్గర చేసి ఉంటే, ఆ సంగతి డాన్సర్లకు, కమిటీకి, పాఠకులకు చెప్పండి. మీ సొంత బడిలోవాళ్ల ఇంటర్వ్యూలు వేరే మనిషితో చేయించండి. పాల్గొన్నవాళ్లను ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలో అవకండి. మీ ఫాలోయింగ్ లిస్టు చూసి మీ శాంపిల్ మొత్తం చెప్పేయొచ్చు.

10. ముగించేటప్పుడు

తేలిన విషయాలను ఒక పేజీ తెలుగులో రాసి, అడిగినవాళ్లకు పంపండి. ట్రూపులను, బాణీలను పోల్చి మార్కులు వేయకండి. ఎవరైనా తన స్కోరు అడిగితే అంకె చెప్పి వదిలేయకుండా, అది పరీక్షలో మార్కు కాదని చెప్పి అర్థం వివరించండి. కమిటీకి చివరి రిపోర్టు పంపండి. గడువు రాగానే ఆడియో ఫైళ్లు, కోడ్ కాగితం తీసేయండి. క్లౌడ్‌లోనూ, పాత పెన్‌డ్రైవ్‌లోనూ, గైడ్‌కు పంపిన మెయిల్‌లోనూ మిగిలాయేమో వెతకండి. ఆ తర్వాత ఫోన్లో "డాన్సర్ 14" అని సేవ్ చేసుకున్న నంబర్లు కూడా.